ఊడిరాని శాలువా

చినరావిమెట్ట కబడ్డీ సమాఖ్యలో గౌరవ సలహాదారుగా చేరిన రోజున బత్తుల ఏడుకొండలు భుజాల మీద కప్పిన శాలువా ఆ తర్వాత ఊడి రాలేదు. ఇందులో వింతేమీ లేదు, సమాఖ్యవారు కప్పిన శాలువాలు ఊడవు. ఇంటికి రాగానే భార్య నాగేంద్రం గోరువెచ్చని నీళ్ళు పోసింది, కొబ్బరినూనె రాసింది, చివరికి గడపకు కాలు తన్నిపెట్టి లాగింది. శాలువాతోపాటు మనిషి వచ్చాడే గానీ మనిషిని వదిలి శాలువా రాలేదు. సమాఖ్య డాక్టరు చూసి, సలహాదార్లకు ఇది మామూలేననీ, మెడ దగ్గర ఒరుసుకుంటే కాస్త పౌడరు చల్లుకోవాలనీ చెప్పి పంపేశాడు.

ఏడుకొండలు మామూలు ఆటగాడు కాడు. అతను కూతకు దిగుతున్నాడంటే, ఈసారి ఎవరు అవుటవ్వాలో అవతలి జట్టువాళ్ళు ముందే మాట్లాడుకునేవాళ్ళని చెబుతారు. ఊపిరి తిప్పుకోకుండా కబడ్డీ కబడ్డీ అంటూ ఎదుటి కోర్టంతా చుట్టబెట్టి, ఇద్దరిని తాకి, గీత దాటి ఇవతలికొచ్చాక తాపీగా మంచినీళ్ళు అడిగేవాడు. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక సమాఖ్య ఆఫీసు వెనకున్న మట్టి కోర్టులో ఆడపిల్లలకు ఆట నేర్పుతున్నాడు. ఊళ్ళో ఆడపిల్లలు ఆడుకోవడానికి ఉన్న చోటు అదొక్కటే.

సమాఖ్య అధ్యక్షుడు శాఖమూరి పూర్ణచంద్రరావుకు అదే చోట కల్యాణ మండపం కనిపిస్తోంది. ఏడుకొండలు అడ్డం పడితే ఊరంతా అతని వెనక నిలబడుతుందని కార్యదర్శి భయపడ్డాడు. అధ్యక్షుడు భయపడలేదు. ఆయన కుర్రతనంలో పట్టుకు పేరుమోసిన ఆటగాడు.

"కూతకొచ్చినోణ్ణి గీత దగ్గర ఆపగూడదయ్యా. లోపలిదాకా రానియ్యాలి," అన్నాడు.

ఆ వారమే ఏడుకొండలును సలహాదారుగా వేశారు. ఊరంతా ఫ్లెక్సీలు లేచాయి. ఏ ఫ్లెక్సీలో చూసినా ఏడుకొండలు మొహం అరచేతంత, అధ్యక్షుడి మొహం గుమ్మమంత. వెళ్ళొద్దని నాగేంద్రం పోరింది.

"లోపలికి పోకుండా పాయింటెట్టా వస్తదే? తాకి వచ్చేస్తా," అన్నాడు ఏడుకొండలు.

ఇద్దరూ ఒకే ఆట ఆడి పెరిగినవాళ్ళు కనక ఇద్దరికీ ఒకే ఉపాయం తట్టింది. కాకపోతే కోర్టు అధ్యక్షుడిది.

ఆఫీసు వరండాలో అంతకు ముందటి సలహాదార్లు గోడవారగా ఉన్నారు. ఒకాయన పాత కెప్టెనని, ఒకాయన పక్క రాష్ట్రాల్లో కూడా ఆడి గెలిచాడని అంటారు గానీ ఎవరు ఎవరో తేల్చి చెప్పగలిగేవాళ్ళు ఇప్పుడు లేరు. కళ్ళకు కనిపించేవి శాలువాల గుట్టలే. లోపల మనుషులున్నారనేది సమాఖ్య నమ్మకం. పండగలకు అటెండరు మస్తాన్‌వలి దుమ్ము దులిపి మడతల్లో కలరా ఉండలు పెడతాడు. వానాకాలంలో వచ్చినవాళ్ళు తడి గొడుగులు వాళ్ళకే తగిలిస్తారు. ఇంతవరకు ఏ గుట్టా అభ్యంతరం చెప్పలేదు.

సమాఖ్య సమావేశాలకు ఒక పద్ధతుంది. పెద్దమనిషి నోరు విప్పబోయే ముందు ఆయన్ని సత్కరించాలి. సత్కారం అయ్యాక వందన సమర్పణ చెయ్యాలి. వందన సమర్పణ అయ్యాక టీ వస్తుంది, టీ వచ్చాక సభ ఉండదు. మొదటి సమావేశంలో ఏడుకొండలు లేచి "అయ్యా, ఆ కోర్టు సంగతి..." అన్నాడో లేదో అధ్యక్షుడి కళ్ళు చెమర్చాయి.

"ఆ కోర్టంటే ఏడుకొండలికి ప్రాణమయ్యా! వలీ, శాలువా!"

చప్పట్లు మోగాయి, టీ వచ్చింది. తర్వాతి సమావేశంలో లేవకుండా కూర్చునే మాట్లాడబోయాడు. ఆ వినయానికి ఇంకో శాలువా పడింది. ఆ తర్వాత కోపంగా బల్ల గుద్దాడు. నిర్మొహమాటానికని జరీ అంచు శాలువా కప్పారు. చివరికి విసిగిపోయి ఏమీ మాట్లాడకుండా ఉన్నాడు. ఇంతటి నిండుకుండను ఈ ఊరు ఎరగదని అధ్యక్షుడే లేచి కప్పాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు పట్టుకునేవాళ్ళను చూశాం గానీ, ఏది అందినా శాలువాతో పట్టుకునేవాళ్ళు వీళ్ళే.

వేసవి వచ్చేసరికి ఏడుకొండలు తల తప్ప ఏమీ కనిపించడం లేదు. బస్సెక్కితే కండక్టరు మనిషికి టికెట్టు కొట్టి, మిగతాదానికి లగేజీ కొట్టేవాడు. స్నానం చేయించి నాగేంద్రం డాబా మీద కూర్చోబెడితే ఆరడానికి రెండు రోజులు పట్టేది. "నిండా మునిగినోడికి చలేంది, నాకు ఉక్క గానీ," అని నవ్వేవాడు. నాగేంద్రానికి నవ్వొచ్చేది కాదు. మొగుడి చేతులు చూసి ఎన్నాళ్ళయిందో అనుకుంటే ఆవిడకు ఏడుపొచ్చేది.

కోర్టును మండపానికి ఇచ్చే తీర్మానం వచ్చే సమావేశంలో పెడతారని తెలిసింది. పిల్లల జట్టు కెప్టెన్ సలోమి ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడింది. రాష్ట్ర పోటీలు దగ్గర పడ్డాయి, గెలిస్తే నలుగురైదుగురు పిల్లలకు ఉద్యోగాలొస్తాయి. ఓడితే వాళ్ళ ఇళ్ళల్లో పెళ్ళి సంబంధాలు సిద్ధంగా ఉన్నాయి. దారి చూపించింది నాగేంద్రమే.

"నువ్వు మాట మాటకీ ఆగుతున్నావయ్యా. ఆగిన చోటల్లా వాళ్ళు కప్పుతున్నారు. ఊపిరి తిప్పుకోకుండా చెప్పు. ఊపిరికి కరువా నీకు?"

ఏడుకొండలు అలాగే చేశాడు. సమావేశంలో అధ్యక్షుడు శాలువా మడత విప్పుతుండగానే గుండెల నిండా గాలి పట్టి అందుకున్నాడు. "కోర్టు ఇయ్యొద్దు, ఆడపిల్లలకి ఇంకో చోటు లేదు, కోర్టు ఇయ్యొద్దు, మండపానికి ఊళ్ళో స్థలాలు కరువా, కోర్టు ఇయ్యొద్దు, మీరూ ఆ మట్టిలో ఆడినోళ్ళే, కోర్టు ఇయ్యొద్దు..."

అధ్యక్షుడి చేతిలో శాలువా గాల్లోనే ఆగింది. సభ్యులు కుర్చీల్లో ముందుకు వంగారు. తన మాట మొదటిసారి వింటున్నారని ఏడుకొండలు మొహం వెలిగిపోయింది.

వాళ్ళు వింటున్న మాట నిజమే. అయితే వాళ్ళంతా పాత కబడ్డీ ఆటగాళ్ళు. మనిషి గుక్క తిప్పుకోకుండా ఒకే మాట అంటుంటే వాళ్ళ చెవి వెతికేది ఒక్కటే, ఊపిరి ఎక్కడ తెగుతుందా అని. కార్యదర్శి చేతి గడియారం చూసుకున్నాడు. పాత అంపైరు కోటిలింగం వచ్చి ఏడుకొండలు నోటి దగ్గర చెవి పెట్టి, "తెగలా... ఇంకా తెగలా," అంటూ చెయ్యి ఊపసాగాడు. వెనక వరసలో ఒకాయన "అదయ్యా దమ్మంటే!" అని ఏడ్చేశాడు. ఆ శాలువాల బరువు కింద, ఆ వయసులో, అంత కూత వాళ్ళ జన్మలో విని ఉండరు.

"ఆ పిల్లలు రోడ్డున..." అన్నచోట తెగింది.

కోటిలింగం అలవాటు కొద్దీ చెయ్యెత్తేశాడు. "కూత తెగింది. అవుట్."

అంపైరు మాటకు తిరుగులేదు. ఎదుటి కోర్టులో కూత తెగినవాడు గీత బయటికి పోవాలి. నలుగురు సభ్యులు ఏడుకొండలును ఎంతో మర్యాదగా ఎత్తుకెళ్ళి వరండాలో గోడవారగా నిలబెట్టారు. గుండె పట్టలేక తలా ఒక శాలువా కప్పారు. దాంతో తల కూడా కనిపించకుండా పోయింది. లోపల, గౌరవ సలహాదారు సుదీర్ఘ ప్రసంగం విన్న మీదట తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు.

"ఇంతకీ ఏమన్నాడండీ?" అని టీ తాగుతూ కార్యదర్శి అడిగాడు.

"ఏమన్నాడో గానీ, ఏం ఊపిరయ్యా!" అన్నాడు అధ్యక్షుడు.

నాగేంద్రం రోజూ క్యారియరు తెచ్చి వరండాలో పెట్టేది. ఏ గుట్ట తన మొగుడో మొదటి వారం గుర్తుపట్టింది. తర్వాత సున్నాలు వేయడానికి గుట్టల్ని అటూ ఇటూ జరిపారు. క్యారియరు మాత్రం ఖాళీగానే తిరిగొచ్చేది. వంకాయ కూర బాగుందని మస్తాన్‌వలి దాపరికం లేకుండా చెప్పేవాడు.

మండపం లేచింది. సమాఖ్య పిల్లలకు అన్యాయం చెయ్యలేదు. పెళ్ళిళ్ళప్పుడు భోజనాల హాల్లో ఒక పంక్తి లేచాక, ఇంకో పంక్తి కూర్చునేలోపు సాధన చేసుకోమంది. సాంబారు మీద కాలు జారి ఒక పిల్లకు మణికట్టు విరిగింది. ఇంకో పిల్లకు ఆ హాల్లోనే పెళ్ళి కూడా అయిపోయింది. ఆ సంగతి విని నాగేంద్రం కొంగు బిగించింది, సలోమిని వెంటబెట్టుకుని నేరుగా సమావేశం హాల్లోకి నడిచింది.

"ఊపిరి లెక్కబెట్టారు గానీ మాట విన్నారంట్రా మీరు? మడిసిని గుడ్డల్లో చుట్టి గొడుగులు తగిలిస్తారా? నా మొగుణ్ణి నాకియ్యండి, ఆ పిల్లల కోర్టు ఆళ్ళకియ్యండి. లేకపోతే రేపు ముహూర్తానికి మండపంలో నేను కూర్చుంటా, ఎవడు తాళి కడతాడో చూస్తా!"

ఆవిడకు ఎవరూ అడ్డు రాలేదు. మాట పూర్తయ్యేసరికి అధ్యక్షుడు లేచి నిలబడ్డాడు. ఆయన్ని చూసి కార్యదర్శి, ఆయన్ని చూసి కోటిలింగం, మొత్తం హాలంతా లేచింది.

"తల్లీ, ఇంత ధైర్యం ఇన్నాళ్ళూ యాడ దాచావమ్మా?" అన్నాడు అధ్యక్షుడు గద్గదంగా. "మహిళా విభాగానికి సలహాదారు లేక అల్లాడుతున్నాం. వలీ!"

మస్తాన్‌వలి ఆకుపచ్చ శాలువా తెచ్చాడు. అది ఊడి రాదని ఆ హాల్లో అందరికన్నా బాగా తెలిసింది నాగేంద్రానికే. నూనె రాసి లాగిన చేతులవి. కానీ పుట్టింట్లో గానీ, అత్తింట్లో గానీ, మొగుడి సన్మాన సభల్లో వెనక చెప్పుల దగ్గర నిలబడ్డప్పుడు గానీ, తనను చూసి కుర్చీలోంచి లేచిన మనిషి ఒక్కడూ లేడు. ఇప్పుడు ఇంతమంది చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఫొటో తీసేవాడు కాస్త ఇటు తిరగమంటున్నాడు.

"వద్దు పెద్దమ్మా! వచ్చెయ్!" అని సలోమి గుమ్మంలోంచి అరిచింది.

"ఉండవే, ఒక్క నిమిషం," అని నాగేంద్రం పైట సర్దుకుని, అధ్యక్షుడికి అందేటట్టు తల కొంచెం వంచింది.