సువర్ణకు చేతులున్నట్టు రుజువు లేదు

మనిషికి చేతులున్నాయో లేవో తేల్చే బాధ్యతను ఇన్నాళ్ళూ మనుషులకే వదిలేయడం మన వ్యవస్థలో పెద్ద లోపం. ఎవరికి వారు భుజాల కింద చూసుకుని, రెండు వేలాడుతున్నాయి కాబట్టి ఉన్నాయని తృప్తిపడిపోయేవారు. ఈ అరాచకాన్ని అరికట్టడానికే హస్త నిర్ధారణ విభాగం పుట్టింది. (విభాగాన్ని ప్రారంభించిన రోజున సిబ్బంది అంతా చేతులు కట్టుకుని నిలబడ్డారట. అప్పటి నుంచి విప్పినట్టు సమాచారం లేదు.)

ఏలూరులో ఏటా డిసెంబరు చివరి వారంలో పండగ బజారు పెడతారు. చేతితో చేసిన వస్తువులు అమ్ముకునేవాళ్ళకి అక్కడ స్టాలు ఇస్తారు. ఈసారి ఆ బజారుని విభాగానికి అప్పగించారు. విభాగం వెంటనే ఒక నియమం చేసింది. ఏడో నియమం ప్రకారం, చేతితో చేసిన వస్తువు అంటే వేలిముద్ర మిషను గుర్తించిన చేతితో చేసిన వస్తువు.

కలిదిండి దాటాక చేపల చెరువుల మధ్య ఉన్న ఒక ఊళ్ళో సువర్ణ ఉంటుంది. ఊలుతో టోపీలు, పసిపిల్లల మేజోళ్ళు, దారంతో బల్లగుడ్డలు అల్లుతుంది. (కొల్లేటి ఊళ్ళలో ఊలు టోపీ ఎవరికని అడగకండి. డిసెంబరులో తెల్లవారుజామున బండి మీద పోయేవాళ్ళకి కావాలి. మిగతా పదకొండు నెలలూ ఎవరికీ అక్కర్లేదు. ఆ పదకొండు నెలల్లోనే అల్లాలి.)

ఇరవై రెండేళ్ళుగా ఆమె అల్లినవన్నీ ఒక ఏజెంటు గోనెసంచిలో వేసుకుపోయేవాడు. ఓసారి తాడేపల్లిగూడెంలో ఒక కొట్లో తన టోపీ తనకే ఎదురుపడింది. అంచు దగ్గర తను వేసే మూడు ముళ్ళని బట్టి గుర్తుపట్టింది. దానికి వేలాడే చీటీ మీద ఎవరో దొరసాని పేరుంది.

"ఈవిడెవరండీ?" అని అడిగింది.

"అల్లినావిడమ్మా" అన్నాడు కొట్టాయన.

ఆ రోజు నుంచి సువర్ణకి ఒకటే కోరిక. ఒక్కసారి, ఒక్క బజారులో, తన పేరున్న బోర్డు కింద కూర్చోవాలి.

అందుకని ఏలూరు బజారులో స్టాలు కోసం ఊరి సచివాలయానికి వెళ్ళింది. అక్కడ కంప్యూటరు పని చూసే రమ్యశ్రీ మంచి పిల్ల. వేలిముద్ర మిషనుని చీర కొంగంత మెత్తటి గుడ్డతో తుడిచి ముందు పెట్టింది.

"బొటనవేలు పెట్టండి పిన్నిగారూ."

పెట్టింది. ఎర్రలైటు వెలిగింది.

"చూపుడువేలు పెట్టండి."

పదివేళ్ళూ పెట్టింది. పదిసార్లూ ఎర్రలైటే. తెరమీద ‘వేలు లేదు’ అని వచ్చింది.

"ఇదేంటమ్మా, ఇదిగో, పెట్టానుగా?"

"పెట్టారండి. కానీ లేవంటోంది."

"నీ కళ్ళెదురుగానే ఉన్నాయిగా?"

"నేను చూస్తే చాలదండి పిన్నిగారూ. నా దగ్గర ఎర్రలైటూ పచ్చలైటూ లేవు కదా."

వెనకాల వరసలో నిలబడ్డ ఎలిజబెత్ పక్కున నవ్వింది. ఆమె సువర్ణ పక్కింట్లోనే ఉంటుంది, రొయ్యలు ఒలిచే షెడ్డులో పని. "ఊరుకో ఒదినా. ఒలిచి ఒలిచి నా వేలిగీతలు ఎప్పుడో పోయాయి. నీవి దారం తినేసింది. మన ఊరి ఆడవాళ్ళ వేళ్ళన్నీ గంపకెత్తి తెచ్చినా ఆ మిషనుకి ఒక్కటీ ఆనదు" అంది.

ఇది నిజమే. ఆ వారం ఊళ్ళో చేతులున్నట్టు రుజువైనవాళ్ళు మొత్తం తొమ్మిదిమంది. అందులో ఏడుగురు చెరువుగట్టు మీద పేకాడేవాళ్ళు. (పేకముక్కలు వేలిగీతలకి చాలా మంచివని నిపుణుల అభిప్రాయం.) ఎనిమిదో ఆయన సువర్ణ భర్త బుల్లిరాజు. ఆయన రెండు చేపల చెరువుల్ని మంచం మీద పడుకుని ఫోనులో చూసుకుంటాడు. ఆయన బొటనవేలు ఇంకా మిషను మీద పూర్తిగా ఆనకముందే పచ్చలైటు వెలిగింది. తొమ్మిదో వ్యక్తి నాలుగు నెలల పసిపాప.

పట్టు వదలకుండా సువర్ణ విభాగంవారి సహాయ నంబరుకి ఫోను చేసింది. పదిహేను రోజులు చేతులతో ఏ పనీ చేయకపోతే గీతలు తిరిగి వస్తాయనీ, అప్పుడు ఆమె చేతులతో పనిచేసే మనిషని రుజువవుతుందనీ అక్కడి అమ్మాయి వివరంగా చెప్పింది. సువర్ణ ఆ రోజే సూది పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని అరుగుమీద కూర్చుంది. రెండో రోజు మధ్యాహ్నం బుల్లిరాజు బయటికొచ్చి, ఎంతో ఆపేక్షగా, "ఏమే, గీతలొచ్చాయా? వంకాయలు కోసే పనుంది" అన్నాడు. దాంతో చికిత్స ముగిసింది.

పోనీ కళ్ళు చూపిస్తానంది. కంటిపాప మిషను ఉందిగా! రమ్యశ్రీ ఆ సంగతి పైవాళ్ళకి రాసింది. మర్నాడే జవాబొచ్చింది. ఇది హస్తకళల బజారు, నేత్రకళలది కాదు.

ఇలాంటివాళ్ళ కోసమే తొమ్మిదో నియమం ఉంది. చేతితో చేసినట్టు రుజువు కాని వస్తువు యంత్రంతో చేసినట్టు. వస్తువు యంత్రంతో చేసినదైతే ఎక్కడో ఒక యంత్రం ఉండి తీరాలి. దాన్ని పట్టుకోవడానికి తనిఖీ అధికారి శ్రీరంగనాయకులు గారు స్వయంగా కారులో వచ్చారు. మర్యాదస్తులు. చెప్పులు గుమ్మం బయటే విడిచారు. ఇల్లంతా చూశారు. రుబ్బురోలు తప్ప యంత్రం కనబడలేదు. చివరికి ఊలు ఉండ పక్కన కూర్చున్న సువర్ణ దగ్గర ఆగి ఫారం తీశారు.

"తప్పుగా అనుకోకండమ్మా, ఇందులో ఉన్నవే అడుగుతాను. తయారైన సంవత్సరం?"

"ఎనభై ఒకటండి" అంది సువర్ణ, పుట్టినరోజు అడుగుతున్నారనుకుని.

"తయారైన చోటు?"

"పెంటపాడండి. మా అత్తారి ఊరు" అన్నాడు బుల్లిరాజు.

"ఇక్కడ బిగించింది?"

"రెండువేల మూడు వైశాఖంలోనండి. రాత్రి ముహూర్తం."

"దేంతో నడుస్తుంది?"

"టీతోనండి. రోజుకి రెండు. చుట్టాలొస్తే మూడు."

"శబ్దం?"

బుల్లిరాజు భార్య వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఎక్కువేం ఉండదండి. ఎప్పుడన్నా పొద్దున్న పూట" అన్నాడు.

"మరమ్మతులకి ఎన్నిసార్లు పంపారు?"

"రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళిందండి. రెండూ కాన్పులే."

"అవి మరమ్మతుల్లోకి రావు" అన్నారు శ్రీరంగనాయకులు గారు, ఫారం తిరగేస్తూ. "ఉత్పత్తిలోకి వస్తాయి."

అప్పుడు సువర్ణకి సంగతి అర్థమైంది. "అయ్యా, నేను మిషన్ని కాదండీ. ఇదిగో, మీరే చూడండి" అని, సూది అందుకుని, ఆయన కళ్ళముందే పసిపిల్లల మేజోడు ఒకటి మొదలుపెట్టింది. ఆయన టీ తాగుతూ రెప్ప వేయకుండా చూశారు. మడమ తిరిగేటప్పటికి ఆయన కళ్ళు చెమర్చాయి. "మా అమ్మమ్మ వేళ్ళు అచ్చం ఇలాగే ఆడేవమ్మా" అన్నారు. మేజోడు పూర్తయ్యాక కళ్ళజోడు తుడుచుకుని ఫారంలో ఇలా రాశారు: ‘యంత్రాన్ని పరీక్షించడమైనది. పనితీరు సంతృప్తికరం.’

"నా చేతులు చూశారు కదండీ!"

"చూశానమ్మా. చక్కటి చేతులు. కానీ నన్ను పంపింది మిషనుని చూడమని. చేతుల్ని చూడటానికి వేరే ఆఫీసరు ఉండాలి. ఆ పోస్టు ఖాళీగా ఉంది."

ఆయన దయగలవాడు కాబట్టి ఒక దారి కూడా చెప్పారు. బజారులో యంత్ర విభాగం ఒకటుంది. అందులో స్టాలు ఇస్తారు.

సువర్ణ మేజోడుని వేళ్ళ మధ్య తిప్పుతూ, "బోర్డు మీద నా పేరు రాస్తారా అండీ?" అని అడిగింది.

"యంత్రం పేరు రిజిస్టరులో రాస్తామమ్మా. బోర్డు మీద ఆపరేటరు పేరుంటుంది. పచ్చలైటు వెలిగే వేలున్న మనిషి కావాలి."

అందరూ బుల్లిరాజు బొటనవేలి వైపు చూశారు.

"ఆపరేటరంటే నేనేం చెయ్యాలండీ?" అన్నాడాయన కంగారుగా.

"పొద్దున్న ఆన్ చేయడం, సాయంత్రం ఆఫ్ చేయడం."

"ఆయ్, ఆన్ చేయడం వరకూ అలవాటేనండి."

సువర్ణ వెళ్ళనంది. రెండు రోజులు టోపీలన్నీ మూటకట్టి అటక మీద పెట్టేసింది. ఎలిజబెత్ వచ్చి ఆ మూట దింపింది. "బోర్డు మీద పేరు ఎవరిదైతేనేం ఒదినా, కొనడానికొచ్చిన వాళ్ళకి నీ నోటితో నువ్వే చెప్పుకోవచ్చుగా, ఇవి నేనల్లానని" అంది. ఆ మాట సువర్ణకి నచ్చింది.

ఏలూరులో బోర్డు పెద్దదే పెట్టారు. ‘బుల్లిరాజు అల్లికలు’ అని ఎర్రటి అక్షరాలు. యంత్రానికి నంబరు చీటీ కట్టాలి. చీటీ పట్టుకొచ్చిన కుర్రవాడు సువర్ణ మణికట్టుకి కట్టబోయి, అక్కడ చేయి ఉన్నట్టు కాగితాల్లో లేదని గుర్తొచ్చి, కుర్చీకి కట్టాడు. ‘యంత్రం నం. 4. ఆపరేటరు లేనప్పుడు తాకరాదు.’

ఎదురుగా హస్త విభాగంలో ఒక పెద్ద వ్యాపారి మూటలకి మూటలు స్వెట్టర్లు దించాడు. అన్నిటికీ ఒకే కొలత, ఒకే చోట ఒకే కుట్టు. ఆయన వేలికి మాత్రం ముందురోజే పచ్చలైటు వెలిగింది.

మొదటి రోజు ఒక పట్టుచీరావిడ సువర్ణ స్టాలు ముందు ఆగి, చిన్న టోపీ ఒకటి చేతిలోకి తీసుకుంది. "ఎంత బాగుందో! అచ్చం చేత్తో అల్లినట్టే ఉంది."

సువర్ణ కుర్చీ అంచుకి జరిగింది. ఇరవై రెండేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట అది. గొంతు సవరించుకుని, "నేనే అల్లానండి. చేత్తోనే" అంది.

ఆవిడ బోర్డు చూసింది, కుర్చీకున్న చీటీ చదివింది, మెచ్చుకోలుగా తల పంకించింది. "ఈ మధ్య మిషన్లకి మాటలు కూడా ఎంత చక్కగా నేర్పుతున్నారో!" అని పక్కావిడతో అని, టోపీ కొనుక్కుని వెళ్ళిపోయింది.

నాలుగో రోజుకల్లా టోపీలన్నీ అమ్ముడుపోయాయి. ముగింపు సభలో యంత్ర విభాగం నుంచి ఉత్తమ ఆపరేటరుగా బుల్లిరాజుని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆయనకి మైకు కొత్త. ఆడియన్సులో భార్య ఎక్కడుందో వెతుక్కుని, ఆమెనే చూస్తూ, మనస్ఫూర్తిగా చెప్పాడు.

"ఇందులో నాదేం లేదండి. నాకు దొరికిన మిషను మంచిది. ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజు కూడా ఆగలేదండి."

సభంతా లేచి చప్పట్లు కొట్టింది. సువర్ణ కూడా కొట్టింది. దేంతో కొట్టిందో రికార్డులో లేదు.