సాల్మన్ పులుసు వాసన తనిఖీ వేళలు

ఆదివారం ఉదయం పదకొండున్నరకు, పాసు లేకుండా మెట్లు దిగుతున్న సాల్మన్ పులుసు వాసనను వాచ్‌మన్ యాదయ్య రెండో అంతస్తులో పట్టుకుని, అసోసియేషన్ ఆఫీసు గదిలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చోబెట్టాడు. ఫ్యాను ఆపి, కిటికీకి గడియ పెట్టి, 303లో ఉండే ధనరాజుకు ఇంటర్‌కమ్‌లో కబురు చేశాడు.

"సార్, మీ ఇంట్లకెల్లి ఒచ్చిందొకటి మా దగ్గరున్నది. జర కిందికి రాండ్రి."

సౌగంధ్య టవర్స్‌లో ఇది వింతేమీ కాదు. హైదరాబాదు శివార్లలోని ఆ అపార్ట్‌మెంటులో ఏ వాసన గుమ్మం దాటాలన్నా పాసు ఉండాలి. ఫిల్టర్ కాఫీకి, సాంబారుకు, అగరువత్తులకు శాశ్వత పాసులున్నాయి. కొత్త పెయింటుకు పదిహేను రోజుల తాత్కాలిక పాసు ఇస్తారు. ఒకసారి 404 వాళ్ల మాడిన పాల వాసన తన పాసు పోగొట్టుకుని మూడు రోజులు లిఫ్టులోనే ఉండిపోతే, సెక్రటరీ చక్రధరం గారు దయతలచి డూప్లికేటు ఇప్పించారు.

ధనరాజుకు నలభై ఏడేళ్లు. ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం. భీమిలి దగ్గర సముద్రం ఒడ్డున ఓ పేటలో పుట్టాడు. తండ్రి వేటకు వెళ్లేవాడు, తల్లి గంప నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ చేపలు అమ్మేది. ఫ్లాటు అద్దెకు తీసుకునేటప్పుడు చక్రధరం గారు "మీదేవైపండీ?" అని అడిగితే "వైజాగ్ సైడండి" అన్నాడు. అందులో అబద్ధం లేదు. ఆ సైడు చాలా పెద్దది, ఎవరైనా అందులో దాక్కోవచ్చు.

ఆ ఏడాది అతని రక్తంలో కొవ్వు పెరిగింది. డాక్టరు వారానికి రెండుసార్లు సాల్మన్ తినమని చెప్పి, 'ఇంట్లోనే సాల్మన్: తేలిక పద్ధతులు' అనే రంగుల కాగితం చేతిలో పెట్టాడు. ధనరాజు సూపర్‌మార్కెట్ నుంచి నారింజరంగు ముక్క ఒకటి తెచ్చాడు. అతని భార్య నూకరత్నం దాన్ని ప్లాస్టిక్ పైనుంచే వేలితో నొక్కి చూసింది.

"తలా నేదు, తోకా నేదు. ఇది సేపేటి మావా, సబ్బుబిళ్లలాగున్నాది."

"నార్వే నుంచి విమానంలో వచ్చింది."

"ఇమానంలోనా? మనమింకా ఎక్కనేదు."

కాగితంలోని మొదటి పద్ధతి నిజంగానే తేలిక. ముక్కను గుడ్డతో తడి లేకుండా అద్ది, ఉప్పూ మిరియాల పొడీ జల్లి, వేడి పెనం మీద వెన్న వేసి, చర్మం కిందికి ఉండేట్టు నాలుగు నిమిషాలు, తిరగేసి రెండు నిమిషాలు వేయించాలి. దించాక నిమ్మకాయ పిండాలి. నూకరత్నం అలాగే చేసింది. వాసన బయటికి వెళ్లి లిఫ్టు దగ్గర నిలబడింది. చక్రధరం గారు దాన్ని ఆపి, కళ్లు మూసుకుని రెండుసార్లు గాలి పీల్చి, పాసు పుస్తకం తెప్పించారు. స్వస్థలం: నార్వే. హోదా: విదేశీ అతిథి. లిఫ్టు వాడుకోవచ్చు.

రెండో పద్ధతి ఇంకా తేలిక. ముక్క మీద వెల్లుల్లి, ఆలివ్ నూనె వేసి, రేకు కాగితంలో పొట్లం కట్టి ఓవెన్‌లో పెట్టి మర్చిపోవడమే. పావుగంట తర్వాత బయటికొచ్చిన ఆ వాసనను చక్రధరం గారు స్వయంగా వెంటపెట్టుకుని అయిదు అంతస్తులూ తిప్పి చూపించారు. మర్నాడు నోటీసు బోర్డులో, 303 వారి వల్ల మన టవర్స్‌కు అంతర్జాతీయ స్థాయి వచ్చిందని రాసి ఉంది. అంతకుముందు ధనరాజును "303" అని పిలిచేవాళ్లు ఆ రోజు నుంచి "ధనరాజు గారూ" అనసాగారు. కమిటీలో ఒక సభ్యత్వం ఖాళీగా ఉందని, ఆయన పేరు అనుకుంటున్నామని కూడా చెప్పారు. అతను రెండు రోజులు మెట్లెక్కడం మానేసి, ఎవరైనా పలకరిస్తారని లిఫ్టులోనే తిరిగాడు.

చిక్కల్లా తినడం దగ్గరే వచ్చింది. రెండుసార్లూ ధనరాజు సగం ముక్క మంచినీళ్లతో మింగి, మిగతా సగం పళ్లెంలో వదిలేశాడు. మూడోసారి, ఆదివారం పొద్దున్నే నూకరత్నం ఆ కాగితాన్ని మడిచి డబ్బాల అలమరలోకి నెట్టేసింది.

"కాయితం సెప్పినట్టు రెండుసార్లు ఒండినాను. రెండుసార్లూ ఒగ్గేసినావు. మందైనా గొంతు దిగాల కదా. ఇయ్యాల నా ఇష్టానికి ఒగ్గెయ్."

"వద్దు రత్నం. వాసనొస్తాది. కమిటీ..."

"వాసన రానిది సేపెందుకవుద్ది మావా?"

ఆమె పద్ధతి అన్నిటికన్నా తేలిక. చింతపండు రసంలో ఉల్లిపాయలు, చీల్చిన పచ్చిమిరపకాయలు, ఉప్పు, పసుపు, కారం, కాస్త మెంతిపిండి వేసి మరిగించింది. చేప మెత్తనిది కాబట్టి ముక్కలు ఆఖర్న వేసి, గరిటె పెట్టకుండా, దాకను రెండు చేతులా పట్టుకుని ఒక్కసారి గుండ్రంగా తిప్పి దించేసింది. ధనరాజు కిటికీలు మూశాడు. గుమ్మం కింద సందులో తువ్వాలు కుక్కాడు. ఆ తర్వాత అన్నం ముందు కూర్చుని మూడుసార్లు వడ్డించుకున్నాడు, తలెత్తలేదు. ఇంటర్‌కమ్ మోగేటప్పటికి అతను పళ్లెం అంచు నాకుతున్నాడు.

ఆఫీసు గదిలో చక్రధరం గారు మర్యాదగానే మాట్లాడారు.

"కూర్చోండి ధనరాజు గారూ. మాకు సాల్మన్ మీద అభ్యంతరం లేదండీ. మీరే చూశారుగా, పాసిచ్చాం. చింతపండు మీద అసలే లేదు. రెండూ కలిసి వచ్చినదాని గురించే."

"అదే చేపండీ. అదే షాపు."

"చేప అదే. వాసనకే స్వస్థలం మారింది."

వాసనలు మాట్లాడవు. అందుకని, వాటి పక్కన కూర్చున్నవాళ్లకు ఏది గుర్తొస్తే దాన్నే వాంగ్మూలంగా రాసుకోవాలని నియమావళిలో ఉంది. యాదయ్య అప్పటికే ఇచ్చేశాడు: "మా అవ్వ యాదికొచ్చింది సార్. దావత్‌కు పోతే నాకోసమని కొంగుల ముక్క కట్టుకొచ్చేది." చక్రధరం గారికీ ఏదో గుర్తొచ్చింది గానీ ఆయన రాయించలేదు. కళ్లజోడు తుడుచుకుని, కుర్చీ అరగజం దూరం జరుపుకున్నారు.

ధనరాజుకు వాళ్లమ్మ కనిపించింది. గంప దించి, పేట చివర నిలబడి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని బువ్వకు పిలుస్తోంది.

"మీకేం గుర్తొచ్చింది?" అన్నారు చక్రధరం గారు, కలం పట్టుకుని.

"ఏమీ లేదండీ."

ఫారంలో రెండు గళ్లున్నాయి. 'నాది' అని ఒకటి, 'నాది కాదు' అని ఒకటి. నాది అంటే నెల తిరిగేలోగా ఫ్లాటు ఖాళీ చెయ్యాలి. నాది కాదంటే వాసన అసోసియేషన్ కస్టడీలో ఉంటుంది, ఇంటివాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. ధనరాజు ఇంకో అపార్ట్‌మెంటు గేటు దగ్గర నిలబడి "మీదేవైపండీ?" అన్న ప్రశ్న మళ్లీ వినడాన్ని ఊహించుకున్నాడు. కుర్చీలో ఉన్న వాసన అతని మోకాలి దాకా వచ్చి ఆగింది. అతను రెండో గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాడు.

"ఏటన్నారు?" అంది నూకరత్నం, ఇంటికి రాగానే.

"ఏం లేదు. సంతకం పెట్టమన్నారు."

"ఏటని?"

ధనరాజు కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు.

బుధవారం ఆమె మళ్లీ అదే పులుసు పెట్టింది. వాసన రాలేదు. చింతపండు పెంచింది, మెంతిపిండి పెంచింది, దాక మీద ముఖం పెట్టి చూసింది. పులుపు నాలుకకు తగులుతోంది, కారం కళ్లలో నీళ్లు తెప్పిస్తోంది, కానీ దాకలో ఉన్నది పులుసు ఫోటోలా ఉంది. భర్త సంతకం సంగతి ఆమెకు యాదయ్య ద్వారా గురువారం తెలిసింది. ఆమె అరవలేదు. రెండు వారాలు పెరుగన్నమే పెట్టింది. ధనరాజు రక్తంలో కొవ్వు తగ్గిందని డాక్టరు సంతోషించాడు.

ఆఫీసు గదిలో వాసన మాత్రం రోజురోజుకూ చిక్కబడుతోందని కమిటీ గమనించింది. రెండో రోజు పులుసు రుచెక్కువని తెలిసినవాళ్లెవరికీ ఇది ఆశ్చర్యం కలిగించలేదు. దాని పరిస్థితిని తనిఖీ చేయడానికి చక్రధరం గారు రోజూ మధ్యాహ్నం పన్నెండున్నరకు గదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకునేవారు. వెళ్లేటప్పుడు చేతిలో ఒట్టి తెల్లన్నం ఉన్న టిఫిన్ క్యారియర్ ఉండేది. తిరిగొచ్చేటప్పుడు అది ఖాళీగా ఉండేది. వారంలో కమిటీ సభ్యులందరూ తనిఖీకి పూనుకున్నారు. అందరూ అన్నం తెచ్చుకునేవాళ్లే. రద్దీ పెరగడంతో వేళలు అచ్చువేసి తలుపుకు అంటించారు. వాసన బయటికి పోకుండా, తనిఖీ అయినవాళ్లు గుమ్మం దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని, డ్యూటీలో ఉన్న సభ్యుడికి చూపించాలని చివర్లో ఒక గీత కింద రాశారు.

ఖాళీగా ఉన్న సభ్యత్వం ధనరాజుకే ఇచ్చారు. నిజాయితీగా సంతకం చేసినందుకు చప్పట్లు కొట్టారు.

నూకరత్నం కమిటీ మనిషి కాదు. భర్త సంతకం ప్రకారం ఆ వాసనకు ఏమీ కాదు కూడా. అందుకని ఆ గదిలోకి వెళ్లడానికి సందర్శకుల ఫారం నింపవలసి వచ్చింది. సంబంధం అన్న గడి దగ్గర ఆగింది.

"ఇక్కడేటి రాయాల?"

ధనరాజు కలం మూత తీసి ఇచ్చాడు. "పరిచయస్తులు అని రాయి. త్వరగా అవుతుంది."

ఆమె అలాగే రాసింది. శుక్రవారం నాలుగు పది నుంచి నాలుగున్నర దాకా ఇచ్చారు.

ఆ రోజు డ్యూటీ ధనరాజుది. నూకరత్నం ఉతికిన చీర కట్టుకుని, స్టీలు గిన్నెలో అన్నం పట్టుకుని వచ్చింది. యాదయ్య తలుపు తీశాడు. ఆమె లోపలికి వెళ్లి కుర్చీకి ఎదురుగా నేల మీద కూర్చుంది. ధనరాజు బయట రిజిస్టరు పట్టుకుని నిలబడ్డాడు. కిటికీ అద్దంలోంచి ఆమె వీపు కనిపిస్తోంది. ఆమె అన్నం కలిపింది, ముద్ద చేసింది, తిన్నది. మధ్యలో ఒకసారి దేనికో నవ్వింది. వెనక వరసలో చక్రధరం గారు క్యారియర్‌తో నిలబడి గడియారం చూసుకుంటున్నారు.

నాలుగున్నరకు ఆమె బయటికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కుంది. రెండు అరచేతులూ భర్త ముందు చాపింది. అతను వంగి, ఒక్కో వేలి సందునా నిబంధన ప్రకారం వాసన చూశాడు.

"ఉన్నాదా?" అందామె, మెల్లగా.

ధనరాజు రిజిస్టరులో 'ఏమీ లేదు' అని రాసి, పక్కన టైము వేశాడు.

"సరే గానీ, వచ్చే వారానికి కూడా ఇప్పుడే రాసెయ్ మావా," అంది ఆమె గిన్నె తీసుకుంటూ. "మళ్లీ టైములన్నీ నిండిపోతాయి."