పికప్పు మహాచక్రధారణము

గర్వమునకు గాలికొట్టి వివేకమును పంక్చరు చేయు ఓ ఆడంబరదేవీ! విమానఘోషచే నిత్యము దద్దరిల్లు శంషాబాద్ సీమలో, బెంగళూరు రాజమార్గమున, సాతంరాయి చెంత, ఆదివారపు భానుడు నడినెత్తికెక్కక మునుపే జరిగిన ఘోరసంగ్రామమును నా నోట పలికింపుము.

అమ్మిన పొలమునకు వారసుడును, కొన్న పికప్పునకు ప్రభువును నగు రవీందర్ మహావీరుడు, తన షడ్డకుడు, అనగా భార్య చెల్లెలి మగడగు మల్లేశ్వర్ బండి తన బండికన్న జానెడెత్తున నుండుట చూచి, నిద్రాహారములు మాని, ఆ మధ్యాహ్నము మహేశ్వరమున అత్తవారి గృహప్రవేశపు విందునకు అంతకంటె ఎత్తున పోవలెనని భీషణప్రతిజ్ఞ పూని, మొగులయ్య టైర్ల దుకాణముపై దండెత్తెను.

"ఇగ చూడు రేఖా! మల్లేశ్వర్‌గాడు మెడలు గుంజేదాక నన్ను తలెత్తి చూడాలె! మీ బాపు ముందుగాల నాకే కుర్చీ ఎయ్యాలె!" అని భార్యతో గర్జించెను.

"గంత పెద్దగున్నయి, తిప్పితే మడ్‌గార్డుకు తాకయా ఏంది?" అని కొత్త టైర్లను చూచి రేఖ అడిగెను.

"ఏం గాదక్కా, అన్నకు మస్తుంటయి," అనెను మొగులయ్య. మన వీరునికి ఆ పొగడ్తయే శాస్త్రప్రమాణమాయెను.

జాకీ లేచెను, బోల్టులు మూల్గెను. పాతచక్రములు రణనిహతయోధులవలె దొర్లిపడగా, బలిసిన ఎనుములవంటి నూతనచక్రములు వాటి స్థానమున కొలువుదీరెను. తిన్నగా నిలిచిన బండిని చూచి మురిసిరేగాని, ఒక్కడును స్టీరింగు తిప్పి చూడడాయె. రేఖ పట్టుచీరతో ప్లాస్టిక్ స్టూలెక్కి, తలుపు పట్టుకొని వేలాడి, ఎట్టకేలకు సీటు చేరెను.

ఆచారప్రకారము నాలుగు చక్రముల ముందర నాలుగు నిమ్మకాయలు పెట్టిరి. శత్రువులు పసుపుపచ్చగా, నిర్భయముగా నిలిచిరి. రవీందర్ బండిని ముందుకురికించెను. చిటుక్కున నలుగురును హతులైరి!

ఎదుట కరెంటు స్తంభము. రోడ్డెక్కుటకు స్టీరింగు తిప్పగా టైరు మడ్‌గార్డును కరచి కీచుమనెను. ఎడమకు తిప్పినను అదే కీచు.

"జర వెనక్కి తియ్యి," అనెను రేఖ.

"నిమ్మకాయలు తొక్కినంక వెనక్కి పోతరా? అపశకునం!" అని గద్దించి మరింత బలముగా తిప్పగా, మడ్‌గార్డు సొట్టపోయి, చక్రము బిగిసి, బండి కదలదాయె.

అంతలో ఆ దారినే పోవు మల్లేశ్వర్ బండి ఆపెను. "ఏందన్నా, గాడనే ఆగినవ్? దావత్‌కు ఆలస్యమైతది. దిగు, నా బండ్ల కూసో."

రేఖ స్టూలు అడుగకయే దుమికి, మల్లేశ్వర్ బండిలో చెల్లెలి ప్రక్కన కూర్చుండెను. మొదటి కుర్చీ ఎవరికి పోవునో తలచుకొని మన వీరునికి ఏడుపు వచ్చెను. అయినను దిగలేదు.

సభికులారా, జయజయధ్వానములు చేయుడు! మహేశ్వరమునకు బయలుదేరిన రవీందర్ మహావీరుడు, నాలుగు నిమ్మకాయలను సంహరించి, మొగులయ్య దుకాణము ముందర ఒక బండి పొడవు నేలను జయించెను.