తొమ్మిదో తెడ్డు, పదహారో భాగం

ఆరువందల ఇరవై పేజీల పుస్తకాన్ని తెరిచి ఒళ్ళో నిలబెట్టుకుంటే, దాని మధ్యలో సెల్‌ఫోను ఎంత చక్కగా ఒదుగుతుందో శ్రీరామచంద్రమూర్తిగారికి యాభై నాలుగో ఏట తెలిసింది.

అంతకుముందు ఆయనకు ఆ అవసరం రాలేదు. ఉండేది తెనాలిలో, ఉద్యోగం బాపట్ల కాలేజీలో, చెప్పేది తెలుగు. రోజూ రైల్లో వెళ్తూ వస్తూ చదివిన పుస్తకాలే ఇంట్లో ఒక గదిని ఆక్రమించాయి. పెళ్ళిళ్ళలో చదివింపులంటే నిజంగానే చదివించడమని నమ్మే మనిషి కావడంతో, ఏ పెళ్ళికి వెళ్ళినా కొత్త దంపతుల చేతిలో ఓ లావుపాటి నవల పెట్టి వచ్చేవారు. కొందరు శుభలేఖ పంపడం మానేశారు కూడా.

ఆయన భార్య కామేశ్వరమ్మది రేపల్లె. రెండేళ్ళ కిందట కూతురు మేధ హైదరాబాదులో ఉద్యోగంలో చేరుతూ, హాల్లో టీవీకి ఏదో కనెక్షన్ పెట్టించి, "అమ్మా, కొరియా సీరియల్స్ చూస్తూ ఉండు, టైమే తెలీదు" అని చెప్పి వెళ్ళింది. అప్పటినుంచి ఆవిడకు నిజంగానే టైము తెలియలేదు. ఆ సంగతి మూర్తిగారికి మాత్రం సాయంత్రం కాఫీ దగ్గర బాగా తెలిసేది.

"అర్థం కాని భాషలో వాళ్ళెవరో ఏడిస్తే నువ్వెందుకు ఏడుస్తావే?" అనేవారాయన.

"కింద అక్షరాలు వస్తాయిగా. చదువుకుంటూనే చూస్తాను."

"దాన్ని చదవడం అనరు."

"మరి మీరు రైల్లో పుస్తకం గుండెల మీద పెట్టుకుని గురక పెడతారే, దాన్నేమంటారు?"

"మననం."

ఇలా సాగుతున్న సంసారంలోకి ఆ జూలైలో మూర్తిగారికి జ్వరం వచ్చింది. కళ్ళు మండుతున్నాయి, పుస్తకం పట్టుకుంటే అక్షరాలు ఈదుతున్నాయి. చేసేది లేక మూడు రోజులు హాల్లో దివాను మీద దుప్పటి కప్పుకుని పడుకున్నారు. ఎదురుగా టీవీ. టీవీలో కొరియా.

అందులో ఒక గొప్ప గుండె డాక్టరు. ఉన్నట్టుండి అతని చెయ్యి వణకడం మొదలవుతుంది. కత్తి పట్టలేక, పట్నం వదిలి ఓ చిన్న దీవికి చేరతాడు. ఆ దీవికి జనాన్ని చేరవేసే పడవ ఒక అమ్మాయి నడుపుతుంది. డాక్టరు తల్లి మహా శ్రీమంతురాలు. ఎవరితో ఏం మాట్లాడినా చివరికి గ్లాసుడు నీళ్ళు ఎదుటివాళ్ళ మొహాన కొడితే గాని ఆవిడ మాట పూర్తికాదు.

రెండోరోజు మధ్యాహ్నం దుప్పటిలోంచి ఒక గొంతు వినిపించింది. "అసలు ఆ చెయ్యి ఎందుకు వణుకుతోంది?"

కామేశ్వరమ్మ తిరిగి చూసింది. "మీకెందుకండీ? ఇది చదవడం కాదుగా" అంది. అందేగాని ఆ పూట ధ్వని కొంచెం పెంచింది.

నాలుగోరోజుకి జ్వరం దిగిపోయింది. చెయ్యి సంగతి మాత్రం దిగలేదు. రెండేళ్ళు వెక్కిరించిన నోటితో "నేనూ చూస్తానే" అనడానికి మనసొప్పలేదు. అందుకని మేధకు ఫోన్ చేసి, కాలేజీ పని మీద అని అబద్ధమాడి, ఆ కనెక్షన్ తన ఫోనులోకి ఎలా వస్తుందో తెలుసుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఆయన చేతిలో ఒక పెద్ద బాధ్యత ఉంది. రేపల్లెలో బాలస్వామి మాస్టారని రిటైరైన బడిపంతులు పదకొండేళ్ళు కూర్చుని 'తొమ్మిదో తెడ్డు' అనే నవల రాశారు. అచ్చయిన మొదటి కాపీల్లో ఒకటి సంచిలో పెట్టుకుని తెనాలి దాకా వచ్చి, "మీరు చదివి సభలో నాలుగు మాటలు చెబితే చాలు బాబూ" అన్నారు. సభకు రెండు నెలలుంది. మూర్తిగారు ముప్పై ఎనిమిదో పేజీ దాకా శ్రద్ధగా చదివారు. తర్వాత జ్వరం వచ్చింది. తర్వాత కొరియా వచ్చింది.

బరువని ఆ నవలను ఆయన బాపట్లకు మోసుకెళ్ళేవారు కాదు. రైల్లో అయితే ఓ సన్నపాటి వ్యాస సంపుటి అడ్డం పెట్టుకుని చూసేవారు. ఒకరోజు పడవ అమ్మాయి తుఫానులో చిక్కుకుంటే ఆయన చీరాలలో తేలారు. బాపట్ల ఎప్పుడు దాటిందో తెలియదు. మొదటి పీరియడు పిల్లలు ఆయన ఆరోగ్యం కోసం దండం పెట్టుకున్నారో, రాకూడదని పెట్టుకున్నారో వాళ్ళకే తెలియాలి.

సాయంత్రం ఇంటికి రాగానే మాత్రం, "సభ దగ్గర పడుతోంది, నన్ను కదిలించకు" అని 'తొమ్మిదో తెడ్డు' తెరిచి మూల కుర్చీలో కూర్చునేవారు.

ఒకరోజు కామేశ్వరమ్మ రిమోట్ పట్టుకుని అడిగింది. "ఏవండీ, నేను ఆరో భాగం దగ్గర ఆపాను. టీవీ పదకొండంటోందేంటి?"

మూర్తిగారు పుస్తకం కిందికి దించలేదు. దించితే పదకొండో భాగం కనిపిస్తుంది. "మేధ చూసుంటుంది."

"మేధకి ఊపిరి సలపనంత పనుందంది నిన్న."

"ఊపిరి తీసుకోవడానికే చూసుంటుంది."

"అయ్యుంటుందిలెండి. పుస్తకం ఎలా ఉంది?"

"అద్భుతం."

"కళ్ళు తడిగా ఉన్నాయి, ఎవరైనా పోయారా అందులో?"

"పడవ" అన్నారు మూర్తిగారు తడబడి.

"పడవ పోయిందా?"

"పోబోతోంది."

"అయ్యో పాపం" అంది కామేశ్వరమ్మ, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ 'పాపం' పడవకో తనకో మూర్తిగారికి ఆనాడు తట్టలేదు.

సభ ఆదివారం రానే వచ్చింది. తెల్లచొక్కా వేసుకుని బయల్దేరబోతుంటే, ఆవిడ పట్టుచీరలో గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వెక్కడికి? అది నవల మీద సభ."

"మా ఊరండీ అది. మా ఊరు వెళ్ళాలన్నా నవల చదివుండాలా ఏంటి?"

రేపల్లె రైలెక్కారు. మూర్తిగారి ఆలోచన ఏంటంటే, దారిలో చివరి పది పేజీలు, మధ్యలో ఓ నాలుగు పేజీలు చూసుకుని ఉపన్యాసం గట్టెక్కించడం. ఇలా చేసేవాళ్ళను ఆయన ముప్పై ఏళ్ళుగా తిడుతున్నారు. ఈరోజు వాళ్ళమీద కొంచెం జాలి కలిగింది.

కామేశ్వరమ్మ కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. మూర్తిగారు నవల తెరిచారు. ఆయన జేబులో ఆఖరిదైన పదహారో భాగం చూడకుండా మిగిలి ఉంది. ఐదంటే ఐదు నిమిషాలు చూసి ఆపేద్దామనుకున్నారు. పడవ అమ్మాయి తండ్రికి గుండెపోటు. దీవి చుట్టూ తుఫాను. డాక్టరు వణికే చేత్తో కత్తి అందుకున్నాడు.

"రేపల్లె వచ్చిందండీ" అంది కామేశ్వరమ్మ.

సభ గ్రంథాలయం మేడ మీద. యాభై మందికి తక్కువ లేరు. బాలస్వామి మాస్టారు ఇస్త్రీ నలగని పంచెలో ముందు వరసలో, చేతులు మోకాళ్ళమీద పెట్టుకుని, పరీక్ష ఫలితాల రోజు పిల్లవాడిలా కూర్చున్నారు. అధ్యక్షురాలు రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ కోటేశ్వరమ్మగారు.

మూర్తిగారు మైకు అందుకుని, "నవల అంటే జీవితానికి అద్దం" అని మొదలుపెట్టి, పది నిమిషాలపాటు ఆ అద్దాన్నే తుడిచారు.

"అద్దం బాగా మెరుస్తోందండి" అన్నారు కోటేశ్వరమ్మగారు. "అందులో ఎవరు కనబడతారో కూడా చెప్పండి. కథ విందామని వచ్చాం."

మూర్తిగారు పుస్తకం అట్ట వంక చూశారు. దానిమీద ఒక పడవ. ఆయన బుర్రలోనూ ఒక పడవే ఉంది. నోరు తనంతట తానే తెరుచుకుంది.

"ఒక లంక. ఆ లంకకి పట్నం నుంచి ఒక డాక్టరు వస్తాడు. పేరు కిమ్... కిష్టయ్య."

బాలస్వామి మాస్టారు చెవి వెనక చెయ్యి పెట్టుకున్నారు. "డాక్టరా?" అని పక్కాయన్ని అడిగారు.

ఇక మూర్తిగారికి ఆగడం చేతకాలేదు. రెండు నెలలుగా ఎవరికీ చెప్పుకోలేక కడుపులో దాచుకున్న కథ. పడవ నడిపే సూరమ్మ వచ్చింది, నీళ్ళు మొహాన కొట్టే తల్లి వచ్చింది. ఫ్యాను చప్పుడు తప్ప హాల్లో ఇంకేమీ వినబడడం లేదు.

"ఆ సాయంత్రం తొలిమంచు కురిసింది. ఇద్దరూ ఒకే గొడుగు కింద..."

"మంచా? మన లంకల్లోనా?" అన్నారు కోటేశ్వరమ్మగారు.

"అంటే... పొగమంచండి."

"పొగమంచుకి గొడుగెందుకండీ?"

"ఆ పిల్లకి జలుబండి."

జనం నవ్వారుగాని, కథను వదల్లేదు. మూర్తిగారు గొంతు తగ్గించారు. "లోపల బల్లమీద సూరమ్మ తండ్రి. బయట సూరమ్మ. డాక్టరు వణికే చేత్తో కత్తి పట్టుకున్నాడు..."

"ఆ తర్వాత?" అన్నాయి నాలుగు గొంతులు.

ఆ తర్వాత సంగతి మూర్తిగారికీ తెలియదు.

బాలస్వామి మాస్టారు మెల్లగా లేచారు. మొహంలో కోపం లేదు, భయం ఉంది. "బాబూ, ఇదంతా నేను రాశానా? ఈమధ్య నాకు మతిమరుపు ఎక్కువైంది..."

మూర్తిగారికి అప్పటిదాకా పట్టిన చెమటంతా ఒక్కసారి చల్లబడింది. పదకొండేళ్ళు రాసిన మనిషి తన మతినే అనుమానించుకుంటున్నాడు. "మాస్టారూ, అది..." అన్నారు.

"నేను చెప్పొచ్చాండీ?" అంది వెనక వరసలోంచి కామేశ్వరమ్మ.

ఆవిడ నడుచుకుంటూ ముందుకొచ్చింది. "మావారు ఇప్పటిదాకా చెప్పింది మాస్టారు రాసింది కాదండి. కొరియా సీరియల్ కథ. మేమిద్దరం చూస్తున్నాం. ఎక్కడో దీవిలో పడవ నడిపే పిల్ల కోసం ఇంతమందిమి ఊపిరి బిగబట్టామే, మరి మన రేవులో పడవ నడిపిన చిన్నయ్య కథ వినడానికి ఇంకెంత బాగుండాలి? ఆ రెండోది చెప్పడం నా వంతు."

మైకు కూడా తీసుకోకుండా చెప్పింది. తెడ్లు తనే చెక్కుకునే చిన్నయ్య గురించి చెప్పింది. ఎనిమిది తెడ్ల పెద్ద పడవ గురించి, ఏటి మీద వంతెన లేస్తుంటే ఒక్కొక్కరే వేరే పనులకు పోయిన మనుషుల గురించి చెప్పింది. చిన్నయ్య భార్య నాంచారమ్మ పెళ్ళయిన నాటినుంచి ఒకటే అడిగేది, ఒక్క సాయంత్రం నన్ను ఊరికే అవతలి ఒడ్డుదాకా తీసుకెళ్ళమని. ఆయన ఎప్పుడూ పనుందనేవాడు. వంతెన తెరిచే ముందురోజు ఆయన ఎవరికీ చెప్పకుండా తొమ్మిదో తెడ్డు చెక్కాడు. ఆవిడ చేతికి సరిపోయేటట్టు, పిడి కొంచెం సన్నగా.

"ఐదువందల తొంభై ఆరో పేజీలో ఆవిడ ఆ పిడి తడిమి చూసుకుంటుందండి" అంది కామేశ్వరమ్మ. "అక్కడ నేను పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను."

కోటేశ్వరమ్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బాలస్వామి మాస్టారు మాత్రం తుడుచుకునే ప్రయత్నమే చెయ్యలేదు.

సభ అయ్యాక మూర్తిగారు ఆయన దగ్గరికి వెళ్ళి, "మాస్టారూ, నేను చదివింది ముప్పై ఎనిమిది పేజీలు. క్షమించండి" అన్నారు.

"మా అబ్బాయి పన్నెండు చదివాడు బాబూ. మీరే నయం" అన్నారు మాస్టారు. ఆ మాట మూర్తిగారిని తిట్టుకన్నా గట్టిగా తగిలింది.

తిరుగు రైల్లో మూర్తిగారు నవల తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎప్పుడు చదివావు?" అన్నారు.

"మీరు బాపట్ల వెళ్ళాక. అంత కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారు, ఏముందా అని తెరిచాను. మీ గుర్తు కాయితం నెలరోజులుగా అదే పేజీలో ఉంది. సరే, ఏడ్చేది దీనికి కాదని అర్థమైంది."

"టీవీ సంగతి?"

"మేధని ఆ రోజే అడిగాను. మీరు ఫోనులో పెట్టించుకున్నారని చెప్పేసింది."

"మరి నన్ను అడగలేదేం?"

కామేశ్వరమ్మ కిటికీ బయటికి చూస్తూ అంది. "రెండేళ్ళకి మొదటిసారి నేను చూసేది మీరూ చూస్తున్నారు. అడిగితే మానేస్తారని ఊరుకున్నాను."

మూర్తిగారికి ఏదో అనాలనిపించింది, పుస్తకాల్లో చదివిన మాట ఒక్కటీ పనికిరాలేదు. "ఆ పదహారోది ఇంటికెళ్ళి ఇద్దరం చూద్దామా?" అన్నారు.

"నేను మొన్ననే చూసేశాను."

"చెయ్యి బాగయిందా?"

"చెప్పను. ముందు 'తొమ్మిదో తెడ్డు' పూర్తి చెయ్యండి. ఈలోపు చూద్దామనుకునేరు, కనెక్షన్ పాస్‌వర్డ్ మార్పించాను."

అంతలో ఆవిడ ఫోను మోగింది. "అలాగే మాస్టారూ, తప్పకుండా వస్తానండి" అని పెట్టేసింది. "వచ్చే నెల మీ బాపట్లలో ఈ పుస్తకం మీద సభట. నన్ను మాట్లాడమన్నారు."

"నన్ను పిలవలేదా?"

"మీ గురించీ అన్నారు. కొరియా మీద సభ పెట్టినప్పుడు కబురు చేస్తారట."

బాపట్ల సభనాటికి మూర్తిగారు నవల మొత్తం చదివారు. కొన్ని పేజీలు రెండుసార్లు చదివారు. ఆ రోజు వేదిక మీద కామేశ్వరమ్మ మాట్లాడుతుంటే ఆయన ముందు వరసలో, ఆవిడ హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా విన్నారు. పక్క కుర్చీలోని కొత్తాయన మర్యాదగా పలకరించాడు.

"మీరు కూడా సాహిత్యంలో ఉన్నారాండి?"

"లేదండి" అన్నారు మూర్తిగారు. "మా ఆవిడ ఉంది."