తొమ్మిదో సభ్యుడు

అబిడ్స్, నాంపల్లి విముక్తి రహస్య సంఘం తన సభ్యసంఖ్యను ఎనభై ఒకటి నుంచి తొమ్మిదికి వ్యూహాత్మకంగా తగ్గించుకున్నట్టు సంఘాధిపతి కోదండరామయ్యగారు గత ఆదివారం ప్రకటించారు. రహస్య సంఘం కనుక కిటికీలు మూయించి, గొంతు తగ్గించి మరీ ప్రకటించారు. మిగతా ఎనిమిదిమందీ అరచేతులు ఒకదానికొకటి తగలకుండా చప్పట్లు కొట్టారు.

కోదండరామయ్యగారు అల్లాటప్పా మనిషి కాదు. యాభై ఆరులో కర్నూలు నుంచి ప్రభుత్వ ఫైళ్లతోపాటు హైదరాబాదు వచ్చిన కుటుంబం. నాంపల్లి స్టేషన్ రోడ్డులో మేడమీద టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపి, కంప్యూటర్లు వచ్చాక మూసేశారు. ఖాళీగా ఉన్న రోజుల్లో, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పరిచే పాత పుస్తకాల్లో ఆయనకు ఐర్లండ్ రహస్య విప్లవ సంఘం చరిత్ర ఒకటి దొరికింది. చివరి అరవై పేజీలు లేవు. అందుకే ఆ సంఘం చేసిన తిరుగుబాటు గెలిచిందనే నమ్మకం ఆయనకు ఏనాడూ సడలలేదు.

అదే నెలలో ఆయన ఇంటిముందు రోడ్డును వన్‌వే చేశారు. కూతవేటు దూరంలో ఉన్న అబిడ్స్‌కు కోఠి చుట్టి వెళ్లాల్సి వచ్చింది. విముక్తి కోరడానికి ఇంతకన్నా కారణం ఏం కావాలి? ఐరిష్ పద్ధతిలోనే సంఘం పెట్టారు. తొమ్మిదిమంది ఒక వలయం. ఒక్కరు తగ్గినా ఆ వలయం రద్దు. వలయాలన్నీ రద్దయితే సంఘం లేదు, సంఘాధిపతీ లేడు. ఈ నియమం కోదండరామయ్యగారే స్వయంగా టైపు కొట్టారు.

మూడేళ్లకిందట తిరుగుబాటు జరిగింది. ఐరిష్‌వాళ్లు డబ్లిన్‌లో పోస్టాఫీసు పట్టుకున్నారు గనుక ఇక్కడా అబిడ్స్ పెద్ద పోస్టాఫీసునే ఎంచుకున్నారు. సోమవారం పొద్దున పదింటికి ఎనభై ఒక్కమందీ లోపలికి దూసుకెళ్లారు. లోపల క్యూ ఉంది. బుద్ధెరిగాక క్యూ తప్పని పెద్దమనుషులు కనుక అందులో నిలబడ్డారు. అది ఆధార్ క్యూ అని గంట తర్వాత తెలిసింది. ఇంతసేపు నిలబడ్డాక వదులుకోవడం ఎందుకని ఎవరూ కదల్లేదు. పని అయినవాళ్లు అయినట్టు ఇరానీ హోటల్‌కు టీ తాగడానికి వెళ్లారు, అట్నుంచటే ఇళ్లకు. ఆ రోజు ఆధార్‌లో పదమూడుమంది ఫోన్ నంబర్లు మారాయి. ప్రభుత్వం మాత్రం మారలేదు.

తర్వాత ఇరవైమంది పబ్లిక్ గార్డెన్స్‌లో నవ్వుల క్లబ్బులో చేరారు. పదిహేనుమంది చీలిపోయి అసలు సంఘం తమదేనన్నారు, మర్నాడు వాళ్లలో వాళ్లు మళ్లీ చీలారు. ఒకాయన మాల వేసుకుని ఇంతవరకూ తియ్యలేదు. అట్లా చివరకు ఒక్క వలయం మిగిలింది. అందులో తొమ్మిదో సభ్యుడు మొగులయ్య, పోలీసు గూఢచారి.

ఆయన కానిస్టేబులని అందరికీ తెలుసు. తెలిసినట్టు ఆయనకు తెలియనివ్వకపోవడమే సంఘం ఇంతకాలం విజయవంతంగా కాపాడిన ఏకైక రహస్యం. దస్తూరి ముత్యాల్లా ఉంటుందని మినిట్స్ కూడా ఆయనచేతే రాయించేవారు. కార్బన్ కాపీ సంఘానికి, ఒరిజినల్ పోలీసులకని అందరికీ నమ్మకం. ప్రభుత్వం తమను చూసి జడుస్తోందనడానికి మొగులయ్యే సాక్ష్యమని కోదండరామయ్యగారు మురిసిపోయేవారు.

ప్రకటన మర్నాడు, సోమవారం, ఉపాధ్యక్షుడు ఇంద్రసేన రొప్పుతూ మేడెక్కాడు.

"అన్నా, కొంప మునిగింది. మొగులయ్య చాదర్‌ఘాట్ చౌరస్తాల ట్రాఫిక్ డ్యూటీ చేస్తుండు. నా కండ్లతోని చూసిన."

"అంటే మన మీద నిఘా ఎత్తేస్తున్నారా?"

"గట్లనే ఉన్నది. ఇగ వచ్చే ఆదివారం ఎనిమిదిమందిమే."

కోదండరామయ్యగారికి ఆ రాత్రి అన్నం సయించలేదు. తెల్లారగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని నాంపల్లిలోనే ఉన్న ఒక పోలీసు ఆఫీసుకు వెళ్లారు. ఇన్‌స్పెక్టర్ అనసూయగారు కుర్చీ చూపించారు.

"మేడమ్, మా మీద పెట్టిన గూఢచారిని దయచేసి తియ్యకండి."

"ఏ సంఘం సార్ మీది?"

"అది రహస్యం."

"మరి నేనెట్ల చూడాలె?"

న్యాయమైన ప్రశ్నే. ఆయన సంఘం పేరు చిన్న కాగితం మీద రాసి చూపించి, నియమం ప్రకారం ఆ కాగితాన్ని నమిలి మింగారు. ఆవిడ మంచినీళ్లు తెప్పించి, కంప్యూటర్‌లో వెతికారు.

"మీ ఫైలు మూడేండ్ల కిందనే బంద్ జేసినం సార్. ప్రమాదం లేదని రాసి ఉన్నది."

"లేకపోవడమేమిటండీ? పోస్టాఫీసు ముట్టడించినవాళ్లం."

"ఆధార్ లైన్ల నిలబడ్డరని గూడ రాసి ఉన్నది."

ఆయన గ్లాసులో మిగిలిన నీళ్లు తాగేశారు.

"మరి మొగులయ్య?"

"గప్పుడే ట్రాఫిక్‌కు పంపినం."

"లేదండీ. మొన్న ఆదివారం కూడా వచ్చాడు. ఇన్నేళ్లలో ఒక్క మీటింగూ తప్పలేదు. మినిట్స్ ఒరిజినల్స్ మీకే ఇస్తాడు గదా?"

"మాకైతె ఒక్క కాయితం రాలె. ఆదివారం ఆయనకు వీక్లీ ఆఫ్. సెలవు రోజు ఎవరేం జేసుకుంటె మాకేంది సార్?"

కోదండరామయ్యగారికి ఒక్కొక్కటే గుర్తుకు రాసాగింది. "మళ్ల ఎప్పుడు తిరగబడుదం సార్?" అని వారం వారం అడిగేది మొగులయ్య ఒక్కడే. కూపీ లాగుతున్నాడని అందరూ ముసిముసిగా నవ్వేవాళ్లు. ప్రమాణం చేసేటప్పుడు ఆయన గొంతు పూడుకుపోతే ట్రైనింగ్ బాగా ఇచ్చారని మెచ్చుకున్నారు. తిరుగుబాటు రోజు తక్కినవాళ్లంతా టీకి పోతే, సాయంత్రం ఆరు దాకా పోస్టాఫీసు మెట్ల మీద జెండా పట్టుకుని నిలబడింది కూడా ఆయనే. పాపం డ్యూటీ మనిషి అనుకున్నారు.

జీవితంలో మొదటిసారి కోదండరామయ్యగారికి విప్లవమంటే భయం వేసింది.

"మేడమ్, ఒక తెల్ల కాగితం ఇప్పిస్తారా?"

"మళ్ల తింటరా?"

"కాదమ్మా. రాయడానికి."

కాగితం వచ్చింది. ఆయన ఇట్లా రాశారు: "మా సంఘంలోకి మొగులయ్య అనే నిజమైన విప్లవకారుడు చొరబడినట్టు ఇప్పుడే తెలిసింది. శాంతిభద్రతల దృష్ట్యా అతనిపై తక్షణం తగు చర్య తీసుకోవలసిందిగానూ, ఖాళీ అయ్యే స్థానంలో తమ శాఖ నుంచి నమ్మకస్తుడైన మనిషిని ఆదివారం పది గంటల లోపు పంపవలసిందిగానూ ప్రార్థన."

కింద సంఘాధిపతి అని సంతకం చేసి, రసీదు అడిగారు.