ఎక్స్‌రేలో హంస

1999 డిసెంబరులో ఒక బుధవారం. తిరుచానూరులో రేవతి పొద్దున ఐదింటికే లేచింది. పది గంటలకు తిరుపతిలో మహిళా మండలి వాళ్ల గ్రీటింగు కార్డుల పోటీ. రెండువేల సంవత్సరానికి స్వాగతం చెప్పే కార్డులు ఐదు, ఐదు పద్ధతుల్లో, జడ్జీ కళ్ల ముందే చెయ్యాలి. గెలిచినామెను జనవరి నుంచి ఒక ప్రైవేటు స్కూలు క్రాఫ్టు టీచరుగా తీసుకుంటుంది. పెళ్లయిన ఆరేళ్లలో రేవతి పట్టుబట్టి కోరుకున్నది ఈ ఉద్యోగం ఒక్కటే.

అదే పది గంటలకు ఆమె మామ మునస్వామి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కుడి మోకాలు అరిగిపోయింది. కొత్త ఎక్స్‌రే చూసి ఆపరేషన్ ఎప్పుడో చెబుతామన్నారు. మునస్వామికి ఇంజెక్షన్ అంటేనే భయం.

రేవతి పీట మీద రంగుకాగితం పరిచి, రేకు వంచి చేయించిన తామరపువ్వు అచ్చును దాని మీద పెట్టి, పచ్చడిబండతో గట్టిగా కొట్టింది. పువ్వు తెగి చేతికొచ్చింది. కోడలు పచ్చడి దంచుతోందనుకున్న మామ గొంతు వసారాలోంచి వినిపించింది.

"పొద్దున్నే దంచతా ఉండావే, ఊరుబిండా అమ్మా?"

"తామరపువ్వు మామా."

"చింతపండు యెయ్యి. లేకుంటే వగరుంటాది."

అచ్చుతో ఇబ్బంది లేదు. స్టెన్సిల్ మొండికేసింది. అట్టలో కోసిన హంస రెండోసారి రంగు అద్దేసరికి నానిపోయింది. అంచుల కిందికి రంగు పాకి హంస కాస్తా బాతయింది. నీళ్లకు నానని పలక కావాలి. బీరువా మీద ఎక్స్‌రే కవరు కనిపించింది. అది రెండేళ్ల నాటి పాతదనీ, కొత్తది భర్త సంచిలో ఉందనీ అనుకుని, అందులోని ఫిల్ములో బ్లేడుతో హంసను కోసింది. ఊడొచ్చిన హంసను నోటుబుక్కులో పెట్టింది. హంస ఆకారంలో చిల్లుపడిన ఫిల్ము వంగిపోకుండా మళ్లీ అదే కవర్లో దాచి స్నానానికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి కవరు లేదు. భర్త సునీల్‌కుమార్ తండ్రినీ కవరునూ ఆటోలో ఎక్కించుకుని వెళ్లిపోయాడు. పాత ఎక్స్‌రే రేకుపెట్టెలో భద్రంగా ఉంది.

రేవతి సందు చివర ఎస్టీడీ బూతుకు పరుగెత్తింది. ఆస్పత్రి నంబరు మామ మాత్రల చీటీ మీద ఉంది.

"మునస్వామి అని పెద్దాయన వస్తాడు. ఆయన ఎక్స్‌రేలో హంస ఉంటాది. నేనే కోసినాను. డాక్టరు గారిని భయపడొద్దని చెప్పండి."

"హంస అంటే ఏ టెస్టు మేడం?" అంది రిసెప్షన్ అమ్మాయి.

"పక్షి."

ఆ అమ్మాయి పద్ధతైన మనిషి. 'మునస్వామి - పక్షి - భయపడవద్దు' అని చీటీ రాసి డాక్టరు బల్ల మీద పెట్టింది.

డాక్టర్ ధర్మేంద్ర ఆ చీటీని రెండుసార్లు చదివాడు.

"పెద్దాయనా, ఇంట్లో పావురాలు గానీ పెంచుతున్నారా?"

"మోకాలికీ పావురాలకీ యేమి సంబంధం సామీ?"

డాక్టరు ఫిల్మును లైటు పెట్టెకు తగిలించాడు. నల్లటి ఫిల్ము నడుమ, మెడ ఎత్తిన తెల్లటి హంస ధగధగా వెలిగింది. ముందు తేరుకున్నది మునస్వామి.

"పోయిన నెల అమ్మోరు హంస వాహనం మీద ఊరేగినప్పుడు మోకాలి కోసరం మొక్కుకున్నా సామీ. వచ్చి కూసునింది. ఇంక ఆడ కత్తి పెడితే అపచారం."

తలుపు తీసే ఉంది. బయట నడుంనొప్పితో వరుసలో కూర్చున్న పూలమ్మే సిద్ధమ్మ తొంగిచూసింది. గంపలోంచి మూర మల్లెపూలు తెంచి తెచ్చి లైటు పెట్టె మీద వేసింది. ఆమె వెనక మిగతా పేషెంట్లు వచ్చారు. ఐదు నిమిషాల్లో గుమ్మం బయట పద్నాలుగు జతల చెప్పులు చేరాయి.

"నాయనా, లెయ్, పోదాం," అన్నాడు సునీల్‌కుమార్ గొంతు తగ్గించి.

"నువ్వు ముందు చెప్పులిప్పు."

డాక్టరు మల్లెపూలను పక్కకు జరిపి ఫిల్ము మూలన ఉన్న అక్షరాలను పైకే చదివాడు.

"కుప్పయ్య. ముప్పై రెండేళ్లు. ఎడమ మోచెయ్యి." కళ్లజోడు తీశాడు. "కుప్పయ్య ఎవరు?"

మునస్వామి ఫ్యాను వంక చూశాడు. "పక్కింటోడు సామీ."

"ఆయన మోచెయ్యి మీ కవర్లోకి ఎట్లా వచ్చింది?"

"ఇద్దురం ఒకే దినం ఒకే తావున తీయించుకున్నాము. నిన్న ఆయనింటికి కాఫీకి పోయినప్పుడు నేనే మార్చినా. తప్పు ఫిలిం సూసి, ఇంకో నెల పోయినాక రమ్మంటారని."

"మరి హంస?"

"అది మాత్రం నిజంగా అమ్మోరే సామీ. నేను మోచెయ్యి వరకే."

సిద్ధమ్మ వచ్చి మల్లెపూలు తీసుకుంది. "మోచేతికా యేసినాను నేను," అంటూ వాటిని గంపలో పెట్టుకుంది. అసలు ఎక్స్‌రే పక్కింటినుంచి తెస్తామని సునీల్‌కుమార్ అంటే డాక్టరు నమ్మలేదు. పక్క గదిలో తన ముందే కొత్తది తీయించి, ఆపరేషన్ సోమవారం అని రాసిచ్చాడు.

అప్పటికి మహిళా మండలి హాల్లో రేవతి ముందు తామర అచ్చు, రంగులు, చిల్లు లేని ఒంటరి హంస ఉన్నాయి. చుట్టూ ఇరవై రెండు మంది స్టెన్సిల్ చిల్లుల్లో స్పాంజితో రంగు నింపుతున్నారు. ఆమెకు నింపడానికి చిల్లు లేదు. హంసనే కార్డు మీద పెట్టి, పళ్ల బ్రష్షుతో చుట్టూ నీలిరంగు చిలకరించి, హంసను ఎత్తేసింది. నీలి నీళ్లలో తెల్లటి హంస మిగిలింది. రెండో కార్డుకు హంసను కాగితం కింద పెట్టి చెంచా వెనకభాగంతో అంచుల వెంట రుద్దింది. హంస ఉబ్బెత్తుగా లేచింది. మూడోదానికి అలాగే కింద పెట్టి, పైన మైనపు రంగుబిళ్లను అడ్డంగా రాసింది. నాలుగోదానికి అచ్చుతో తామరలు కొట్టి అతికించింది. ఐదోదానికి హంసనే కార్డుకు అతికించి, తామరలు తెగిపోయిన కాగితాన్ని దాని మీద పరిచింది. చిల్లుల్లోంచి ముక్కు, రెక్క మాత్రం కనిపించాయి.

జడ్జీ పంకజాక్షి ఆ కార్డుల దగ్గర చాలాసేపు నిలబడింది.

"అందరూ బొమ్మకు రంగేసినారు. నువ్వొక్కదానివే దాని చుట్టూ యేసినావు. ఎవరు నేర్పిచ్చిరి?"

"మా మామ మోకాలు మేడం," అంది రేవతి. ఆమెకు ఇంకా కుప్పయ్య సంగతి తెలియదు.

ఉద్యోగం వచ్చింది. సాయంత్రానికి మునస్వామి మోకాలు కూడా పక్కింటి నుంచి తిరిగొచ్చింది. "నా మోచెయ్యి ఇంత లావెప్పుడయిందబ్బా అని మద్యాన్నించి సూస్తానే ఉండా," అన్నాడు కుప్పయ్య. చిల్లుపడిన తన ఫిల్ముకు బదులు ఉబ్బెత్తు హంస కార్డు తీసుకుని వెళ్లాడు.

దీపాలు పెట్టే వేళకు మునస్వామి కొత్త ఎక్స్‌రే కవరు చంకన పెట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"అమ్మా రేవతీ, ఇది బలే గట్టి ఫిలిం. సోమవారం లోపల దీంట్లో ఒక నెమలి కొయ్యకూడదా? పురి విప్పినది."

రేవతి ఫిల్మును బల్బుకు ఎదురుగా పట్టి చూసింది.

"నెమలికి తావు చాలదు మామా. ఆపరేషన్ అయినాక పిచ్చుకను కోస్తాను."

సోమవారం ఆపరేషన్ జరిగింది. పిచ్చుక బాగా వచ్చింది.