మూడో ముహూర్తానికి పదకొండు లైన్లు

చెల్లెలు తిరుమల పెళ్లి రోజు పొద్దున హరికృష్ణ వేసుకున్న ప్లాను చిన్నదే. కెమెరా స్టాండు మీద పెట్టి, లైవ్ ఆన్ చేసి, అందరి అన్నల్లాగే తానూ పందిట్లో తిరగాలి. మట్టెవాడలో ఐదేళ్లుగా ఊరందరి పెళ్లిళ్లూ ఫోన్లలో చూపించినవాడికి ఆమాత్రం ఆశ ఉండదా!

అందుకే పదకొండు లైన్ల కంప్యూటర్ స్క్రిప్టొకటి రాసి క్లౌడ్‌లో పెట్టాడు. హాల్లో నెట్ పోయి లైవ్ ఆగిందంటే, ఫోల్డర్లో అన్నిటికంటే కొత్తగా ఎక్కించిన వీడియోను అది నడిపిస్తుంది. ఆ వీడియో చెల్లెలూ కాబోయే బావా పెళ్లికి ముందు కోటలో తీయించుకున్న పాటే అవుతుందని అతని ధీమా.

ఈ పెళ్లికి ఇది మూడో ముహూర్తం మరి. మొదటిసారి పెళ్లికొడుకు నవీన్ తాత పోయాడు, రెండోసారి పెదనాన్న. రెండుసార్లూ మైల వచ్చి శుభలేఖలు అటకెక్కాయి. ఇదీ తప్పితే మూఢం దాటేదాకా నాలుగు నెలలు ఆగాలి. తిరుమల ఈసారి గోరింటాకు కూడా భయపడుతూనే పెట్టుకుంది.

పదింటికి ఎవరో మహానుభావుడు సెల్లు చార్జింగ్ కోసం రూటర్ ప్లగ్గు పీకాడు. స్క్రిప్టు చెప్పిన పని చెప్పినట్టే చేసింది. కాని ఆ తెల్లవారుజామున హరికృష్ణ ములుగు వాళ్ల ఆర్డరొకటి ముగించి అదే ఫోల్డర్లో పడేశాడు. అది యాకయ్య అనే రైతు దశదినకర్మ వీడియో. దాని మీద పేరింకా రాయలేదు. దండల మధ్య సగం కనిపించే ముఖం, కింద 'మా పెద్దాయనకు కన్నీటి వీడ్కోలు'. పైన లైవ్ టైటిల్ మాత్రం 'తిరుమల వెడ్స్ నవీన్' అని అలాగే ఉంది.

హాల్లో ఇదేదీ కనబడలేదు. ఇళ్లల్లో కూర్చుని చూస్తున్న చుట్టాల నుంచి ఫోన్లు మొదలయ్యాయి.

"వియ్యంకులోళ్లల్ల ఎవరో పెద్దాయన పోయిండట," అంది హరికృష్ణ తల్లి నిర్మల పక్కామెతో. "తాళి పడేదాక దాస్తాండ్రు, పాపం. మనం అడగద్దు."

నవీన్ మేనత్త సోమక్కకూ అదే కబురు అందింది. ఆమె పిల్లవైపు పెద్దాయనే అనుకుంది. వచ్చి తిరుమలను దగ్గరికి తీసుకుని, "గుండె గట్టిగ జేసుకో బిడ్డా, మేమున్నం," అంది. ఏమైందో తెలియక తిరుమల ఏడ్చింది. కూతుర్ని చూసి నిర్మల ఏడ్చింది. నిర్మలను చూసి బ్యాండు వాళ్లు ఆపేశారు. వంటాయన బూరెల మూకుడు దించాడు. అయ్యగారు పుస్తకం మూసి, "మైలైతే చెప్పుండ్రి, నేను పోయి తలస్నానం జేస్త," అన్నారు. అందరూ ఒకరినొకరు ఓదార్చుకుంటున్నారే తప్ప, పోయిందెవరని ఒక్కరూ అడగరు. పెళ్లి పందిట్లో ఆ మాట ఎవరెత్తుతారు!

ఎవరో ఫోన్ చూపిస్తే హరికృష్ణకు సంగతి అర్థమైంది. మైకు వైపు పరుగెత్తుతుంటే పెళ్లికొడుకు తండ్రి ఓంప్రకాశ్ చెయ్యి పట్టుకుని స్టోరు గదిలోకి లాగాడు.

"నీకెవరు చెప్పిండ్రు బిడ్డా?" ఆయన తలుపు దగ్గరకు వేశాడు. "పొద్దుగాల నాలుగింటికి దవాఖానల మా బాబాయి పాణం పోయింది. నేనొక్కన్నే ఉన్న. ఎవ్వలకు చెప్పలే. చెవిన పడకపోతే మైల లేదనుకున్న. నువ్వేమో లైవుల పెడ్తివి."

"అది మీ బాబాయి కాదు మామయ్యా," అన్నాడు హరికృష్ణ మెల్లగా. "ములుగు యాకయ్య."

ఓంప్రకాశ్ బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. "అయితే నేనే చెప్పుకున్ననా?"

"నాకొక్కనికే."

ముహూర్తానికి ఇంకా పన్నెండు నిమిషాలుంది. గోడ అవతల తిరుమల ఏడుపు వినబడుతోంది. ఎన్నో అప్పగింతల ఏడుపులు రికార్డు చేసిన హరికృష్ణకు ఈ ఏడుపు మాత్రం భరించడం కష్టమైంది. వెళ్లి మైకు తీసుకున్నాడు.

"జర అందరు వినుండ్రి. లైవుల వచ్చింది వేరేటోళ్ల వీడియో. తప్పు నాది, నా స్క్రిప్టుది." స్టోరు గది వైపు చూడలేదు. "మన రెండిండ్లల్ల అందరు మంచిగున్నరు."

పందిరంతా ఊపిరి పీల్చుకుని, ఆ ఊపిరితోనే హరికృష్ణను తిట్టింది. శుభమా అని పెళ్లి చేస్తుంటే చావు వీడియో పెట్టినవాడి చేతులు విరగ్గొట్టాలంది సోమక్క. తన సొంత బాబాయి మార్చురీలో ఉన్నాడని ఆమెకేం తెలుసు! అక్షింతలు వేస్తూ ఓంప్రకాశ్ కళ్లు తుడుచుకుంటే అందరూ సంతోషమనుకున్నారు. తాళి పడింది.

బాబాయి పోయిన కబురు ఆ సాయంత్రం, అప్పుడే వచ్చినట్టు వచ్చింది. పదో రోజు కర్మకు లైవ్ పని హరికృష్ణకే అప్పగించారు. ఆ రోజు నెట్ ఒక్కసారి కూడా పోలేదు.